జరిగిందే రాయనివ్వండి



ఈ మధ్య పేరెంట్స్ మీటింగుల్లో మార్కుల తర్వాత నన్ను ఎక్కువగా అడుగుతున్నవి ఇవే ప్రశ్నలు. "టీచర్, సెమీకండక్టర్ అంటున్నారు కదా, దానికి ఏ గ్రూపు తీసుకోవాలి?" "బయోటెక్ చదివితే వ్యాక్సిన్ కంపెనీల్లో ఉద్యోగం వస్తుందా?" "ఇస్రోకి వెళ్లాలంటే ఇప్పట్నుంచే ఏం చేయించాలి?" ఇవన్నీ తొమ్మిదో తరగతి పిల్లల గురించే. గ్రూపుల సంగతి నాకంటే బాగా చెప్పేవాళ్లు మన స్కూల్లో ఉన్నారు. సైన్స్ చెప్పే టీచర్‌గా నేను ఆ మూడు రంగాలకూ ఉమ్మడిగా ఉన్న ఒక గది గురించి చెబుతాను. చిప్ తయారయ్యేదీ, టీకా మందు సీసాలో పడేదీ, శ్రీహరికోటలో ఉపగ్రహాన్ని రాకెట్‌లో పెట్టే ముందు సిద్ధం చేసేదీ క్లీన్‌రూమ్‌లోనే. ఆ గది గురించి కొంచెం చెప్పాక, మన పిల్లల ల్యాబ్ రికార్డుల గురించి ఒక మాట అనాలని ఉంది. అది మీలో కొందరికి నచ్చకపోవచ్చు. అయినా చివరిదాకా చదవండి.

క్లీన్‌రూమ్ అంటే బాగా కడిగి తుడిచిన గది అనుకుంటాం. అక్కడ కొలిచేది నేల మెరుపుని కాదు, గాలిని. ఒక మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. చాలా బ్యాక్టీరియాలు ఒక మైక్రాన్ అటూ ఇటూగా ఉంటాయి. ఇంజెక్షన్ మందు సీసాలో నింపే చోట, అంటే ఐఎస్‌ఓ క్లాస్ 5 గాలిలో, అర మైక్రాన్ గానీ అంతకంటే పెద్దవి గానీ అయిన కణాలు ఒక క్యూబిక్ మీటరుకి 3,520 మించకూడదు. నగరంలో మనం పీల్చే మామూలు గాలిలో అదే కొలతకి 3.5 కోట్ల దాకా ఉంటాయని పోలుస్తారు. పదివేల రెట్ల తేడా. అర మైక్రాన్ కణం కదలని గాలిలో మన భుజం ఎత్తు నుంచి నేలకు దిగడానికి ఒక రోజుకు పైనే పడుతుంది. అంటే దుమ్ము కింద పడ్డాక తుడుద్దాం అనుకుంటే అది పడనే పడదు.

ఈ చిక్కుని విప్పినాయన పేరు విల్లిస్ విట్‌ఫీల్డ్. పత్తి రైతు కొడుకు. అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని సాండియా ప్రయోగశాలలో భౌతిక శాస్త్రవేత్త. 1960 ప్రాంతంలో అక్కడ చాలా చిన్న భాగాలతో యంత్రాలు తయారు చేస్తుంటే, దుమ్ము రేణువులు వాటిలో చేరి పాడుచేసేవి. అప్పటికే క్లీన్‌రూములు ఉన్నాయి. గోడలు నున్నగా, మూలలు లేకుండా కట్టేవారు, పనివాళ్లకి ప్రత్యేకమైన బట్టలు ఇచ్చేవారు, పొద్దున్నా సాయంత్రం వ్యాక్యూమ్ పెట్టేవారు. అయినా దుమ్ము పోలేదు, ఎందుకంటే గదిలో గాలి సుడులు తిరుగుతూ అదే దుమ్ముని మళ్లీ మళ్లీ లేపుతోంది. విట్‌ఫీల్డ్ ఆలోచన వింటే ఇంతేనా అనిపిస్తుంది. గాలిని ఫిల్టర్ల గుండా పంపి, ఒకే దిక్కుగా, మెల్లగా గది అంతటా కదిలేలా చేసి, జల్లెడలాంటి నేల గుండా బయటికి లాగేశాడు. ఆ గాలి వేగం గంటకు 1.6 కిలోమీటర్లు. మనం తీరిగ్గా నడిచే నడక కంటే తక్కువ. కానీ నిమిషానికి దాదాపు 10 సార్లు గదిలో గాలి మొత్తం మారిపోతుంది. పుట్టిన దుమ్ము పుట్టినట్టే బయటికి పోతుంది. అప్పటిదాకా ఉన్న గదుల కంటే అది వెయ్యి రెట్లు శుభ్రంగా ఉందట. కొలతలు చూసిన కొందరు శాస్త్రవేత్తలు మీటరు పాడైందనుకున్నారు.

ఫిల్టరు గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళ్తాను, ఎందుకంటే ఇది చెప్పినప్పుడు క్లాసులో పిల్లల మొహాలు చూడాలి. హెపా ఫిల్టరు 0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని ఆపాలి. మరి అంతకంటే చిన్నవి జారిపోతాయా? పోవు, ఇంకా తేలిగ్గా దొరుకుతాయి. మరీ చిన్న కణాలు గాలి అణువుల దెబ్బలకి అటూ ఇటూ తూలుతూ పోయి ఫిల్టరు పోగులకి తగులుకుంటాయి. పట్టుకోవడం కష్టమైన సైజు కాబట్టే 0.3 దగ్గర పరీక్ష పెడతారు. పాఠంలో బ్రౌనియన్ చలనం అని మనవాళ్లు బట్టీ పట్టే మాట ఇదే.

గాలి సంగతి ఇలా తేలింది. ఇక మిగిలింది మనిషి. క్లీన్‌రూమ్‌లో అన్నింటికంటే పెద్ద కాలుష్యం లోపలికి వచ్చిన మనిషే. కదలకుండా కూర్చున్నా మన ఒంటి నుంచి నిమిషానికి లక్ష సూక్ష్మ కణాలు రాలుతాయని, నడిస్తే అవి లక్షల్లోకి పోతాయని ఈ రంగంలో ఎప్పటినుంచో వాడుకలో ఉన్న లెక్క. చర్మపు పొలుసులు, బట్టల నూగు, మాట్లాడితే తుంపర్లు. అందుకే తల నుంచి పాదాల దాకా కప్పుకుంటారు, అదీ పైనుంచి కిందికి వరసగా, బట్ట నేలకి తగలకుండా. పౌడరు, కాటుక, గాజులు, వాచీ ఏవీ ఉండకూడదు. ఒక గదికీ పక్క గదికీ మధ్య గాలి ఒత్తిడిలో తేడా ఉంచుతారు, తలుపు తీసినప్పుడు శుభ్రమైన వైపు నుంచే గాలి బయటికి తోసుకొస్తుంది. లోపల ఎవరూ గబగబా నడవరు. మూత లేని సీసా మీదుగా చెయ్యి పోనివ్వరు, ఫిల్టరు నుంచి దిగే గాలికీ సీసాకీ మధ్య ఏదీ అడ్డు రాకూడదు కాబట్టి.

ఇవన్నీ మనకి మరీ కొత్తేమీ కాదు. ఆవకాయ పెట్టే రోజు మీ ఇంట్లో పెద్దవాళ్లు ఎలా ఉండేవారో గుర్తు తెచ్చుకోండి. మామిడికాయ ముక్కల్ని పొడిగుడ్డతో ఒక్కొక్కటీ తుడవడం, జాడీని ఎండలో పెట్టడం, తడి చేత్తో దగ్గరికి రానివ్వకపోవడం. దీన్ని కొందరు మడితో పోలుస్తారు గానీ నాకు ఆ పోలిక నచ్చదు. ఎవరు ముట్టుకున్నారని మడి అడుగుతుంది. ఎవరైనా సరే, పొలుసు రాలిందా లేదా అని క్లీన్‌రూమ్ అడుగుతుంది. ఆవకాయ పోలిక మాత్రం ఇంకో విషయంలో కూడా సరిపోతుంది. జాడీలో తడి గరిటె పెట్టిన పిల్లాడు వెంటనే వచ్చి చెబితే పైన రెండు గరిటెలు తీసి పారేస్తే సరిపోతుంది. తిడతారని భయపడి మూత పెట్టేస్తే నెల తర్వాత జాడీ అంతా బూజు.

మా పిన్ని కూతురు, నాకు అక్క వరస, ఒక ఇంజెక్షన్ల తయారీ యూనిట్లో ఆరేళ్లుగా పనిచేస్తోంది. బీఎస్సీ మైక్రోబయాలజీ చదివింది. లోపలి నుంచి బయటికి వచ్చే ప్రతిసారీ తన చేతి తొడుగుల వేళ్లు అయిదూ అగార్ ప్లేటు మీద అద్ది రావాలి. ఆ ప్లేట్లని కొన్ని రోజులు వెచ్చగా ఉంచి చూస్తారు. ఒక్క చుక్క పెరిగినా అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలి. అప్పుడప్పుడూ మందుకి బదులు సూక్ష్మజీవులకి ఇష్టమైన పోషక ద్రవాన్ని వేల సీసాల్లో నింపి 14 రోజులు ఉంచుతారు. మీడియా ఫిల్ అంటారు దాన్ని. ఒక్క సీసా కూడా మసకబారకూడదు. బారితే, ఆ రోజు నింపినవాళ్ల పని తీరులో ఎక్కడో తేడా ఉందని అర్థం.

ఒకసారి మాటల్లో అక్క చెప్పింది. సీసాలు నింపుతుండగా తన మోచెయ్యి యంత్రం అంచుకి తగిలిందట. పక్కనున్న అమ్మాయి అటు తిరిగి ఉంది. ఎవరూ చూడలేదు. అక్క చెయ్యెత్తి ఆపించింది. ఆ కాసేపట్లో మూత పడకుండా ఉన్న సీసాలన్నీ తీసేశారు, కాగితం మీద ఎక్కించారు, బ్యాచ్ ఆలస్యమైంది. సూపర్‌వైజరు విసుక్కున్నాడట, కానీ సంతకం పెట్టాడు. "చెప్పకపోతే ఏమయ్యేది?" అని అడిగాను. "బహుశా ఏమీ అయ్యేది కాదు. అదే కదా కష్టం," అంది.

నాకు ఈ గదిలో అన్నింటికంటే ముఖ్యమైన పరికరం ఇదే అనిపిస్తుంది. ఫిల్టర్లకి అలారం ఉంటుంది, ఒత్తిడికి మీటరు ఉంటుంది. మోచెయ్యి తగిలిందని చెప్పేది మాత్రం ఆ మోచెయ్యి ఉన్న మనిషే. అందుకే ఆ గదుల్లో రాతకి కూడా నియమాలు గట్టిగా ఉంటాయి. పని చేసిన సమయంలోనే రాయాలి, ముందూ వెనకా కాదు. పెన్సిల్ పనికిరాదు, వైట్‌నర్ పనికిరాదు. తప్పు పడితే ఒక్క గీత గీసి, కింద ఉన్నది కనిపించేలా ఉంచి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వెయ్యాలి. రఫ్ కాగితం మీద రాసుకుని తర్వాత ఫెయిర్ చేద్దామంటే కుదరదు.

ఇది తప్పితే ఏమవుతుందో 2012లో అమెరికా చూసింది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఫ్రేమింగ్‌హామ్ ఊళ్లో న్యూ ఇంగ్లండ్ కాంపౌండింగ్ సెంటర్ అనే మందుల తయారీ సంస్థ ఉండేది. నడుం నొప్పికి వెన్నెముక దగ్గర ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు అక్కడి క్లీన్‌రూమ్‌లో తయారై దేశమంతా వెళ్లేవి. వాటిలో శిలీంధ్రం చేరింది. నొప్పి తగ్గుతుందని వెళ్లినవాళ్లకి మెదడు పొరల వాపు వచ్చింది. 20 రాష్ట్రాల్లో 750 మందికి పైగా జబ్బు పడ్డారు, 60 మందికి పైగా చనిపోయారు.

తనిఖీకి వెళ్లిన అధికారులకి ఏం కనిపించిందో చూడండి. ఆ సంస్థకి క్లీన్‌రూమ్ ఉంది, ఫిల్టర్లు ఉన్నాయి, ప్లేట్లు పెట్టి పరీక్షించే పద్ధతి కూడా ఉంది. నెలల తరబడి వాళ్ల సొంత ప్లేట్ల మీదే బ్యాక్టీరియా, బూజు కనబడుతూనే ఉన్నాయి. వాటి మీద ఏం చర్య తీసుకున్నారో చెప్పే కాగితం లేదు. రాత్రి 8 గంటల నుంచి తెల్లవారుజామున 5.30 దాకా క్లీన్‌రూమ్ ఏసీ ఆపేసేవారు. తర్వాత కోర్టులో ఇంకొకటి బయటపడింది. గది శుభ్రం చేశామని చూపే రిజిస్టర్లలో దొంగ రాతలు ఉన్నాయి. ఉత్పత్తి ఆగకూడదు, రిజిస్టరు మాత్రం నిండుగా ఉండాలి. 2017లో ఆ సంస్థ అధిపతినీ, క్లీన్‌రూమ్ బాధ్యుడైన ఫార్మసిస్టునీ మోసం నేరాల కింద దోషులుగా తేల్చారు, తర్వాత జైలుకి పంపారు.

ఆ రిజిస్టరులో చెయ్యని శుభ్రతకి టిక్కు పెట్టిన మనిషి రాక్షసుడేమీ అయి ఉండడు. టైము లేదు, పైవాళ్లు తొందరపెడుతున్నారు, అందరూ ఇలాగే నింపుతున్నారు, నింపకపోతే తిట్లు. నింపేశాడు. ఈ అలవాటు ఉద్యోగంలో చేరిన రోజున కొత్తగా పుడుతుందా? నాకు నమ్మకం లేదు. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకా తీసుకొచ్చిన దగ్గర్నుంచి హైదరాబాద్ టీకాల ఊరైంది. జీనోమ్ వ్యాలీ నుంచి ప్రపంచమంతా మందు సీసాలు వెళ్తున్నాయి. అలాగే రికార్డులు నమ్మేలా లేవంటూ అమెరికా ఎఫ్‌డీఏ నుంచి హెచ్చరిక లేఖలు అందుకున్న భారతీయ కంపెనీలు కూడా ఉన్నాయి. ఆ రికార్డులు రాసినవాళ్లు మనలాంటి స్కూళ్లలో చదివినవాళ్లే.

ఇప్పుడు నా మాట.

మొన్న తొమ్మిదో తరగతిలో బ్రెడ్ ప్రయోగం ఇచ్చాను. మూడు ముక్కలు, మూడు జిప్ కవర్లు. ఒకటి కడగని చేత్తో పట్టుకున్నది, ఒకటి సబ్బుతో కడిగిన చేత్తో, ఒకటి అసలు చెయ్యి తగలకుండా పెట్టినది. ఏడు రోజులు చూసి, రోజూ ఏం కనిపించిందో రాయాలి. 36 రికార్డులు వచ్చాయి. వాటిలో 33 రికార్డుల్లో ఒకటే పట్టిక. కడగని చెయ్యి ముక్కకి మూడో రోజు బూజు, కడిగిన చేతిదానికి ఆరో రోజు, ముట్టుకోనిదానికి ఏమీ లేదు. వేర్వేరు ఇళ్లు, వేర్వేరు బ్రెడ్లు, ఒకే తేదీన ఒకేలా బూజు. బూజుకి అంత క్రమశిక్షణ ఉంటుందని నేను ఎక్కడా చదవలేదు.

మిగతా మూడింటిలో ఒక బాబు "ఏడు రోజులైనా ఏ ముక్కకీ ఏమీ రాలేదు" అని రాశాడు. మర్నాడు వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. ఎంతో మర్యాదగానే మాట్లాడారు. "టీచర్, మావాడికి రిజల్ట్ సరిగ్గా రాలేదు, ఎవరిదైనా మంచి రికార్డు ఇప్పించండి, రాత్రికి కూర్చోబెట్టి ఫెయిర్ చేయిస్తాను" అన్నారు. వద్దని చెప్పాను. ఆ వారమే ఆ పిల్లాడి చేతే క్లాసులో బ్రెడ్ కవరు చదివించాను. పదార్థాల జాబితా చివర్లో ప్రిజర్వేటివ్ 282 అని ఉంది. కాల్షియం ప్రొపియోనేట్, బూజుని అడ్డుకోవడానికి వేసేది. అందుకే వారానికి కూడా ఏమీ రాలేదు. వీధి చివర బేకరీ బ్రెడ్‌తో మళ్లీ చేద్దామని వాడే అన్నాడు. ఆ తరగతిలో ఆ నెల జరిగిన సైన్స్ ఏదైనా ఉంటే, నా లెక్కలో అదే. ఆ 33 పట్టికల్లో చేతిరాత తప్ప నేర్చుకున్నది కనిపించలేదు.

మీ మీద కోపంతో చెప్పడం లేదు. ఫీజు కడుతున్నారు, పిల్లాడికి ఎక్కడా ఒక్క మార్కు తగ్గకూడదని రాత్రి పదకొండు దాకా కూర్చుని బొమ్మలు వేసిపెడుతున్నారు. కొందరు డబ్బులిచ్చి రాయిస్తున్నారని కూడా నాకు తెలుసు, పిల్లలే చెబుతారు. పుస్తకం ఎంత నీటుగా ఉంది, అట్ట ఉందా, మార్జిన్ ఉందా అని చూసి మార్కులేసే పద్ధతి చాలా స్కూళ్లలో ఉంది కాబట్టి తప్పంతా మీదే అనడం న్యాయం కాదు. ఇంటర్‌కి వచ్చేసరికి ప్రాక్టికల్స్ అంటే పరీక్షకి ముందు వారంలో సీనియర్ రికార్డు చూసి నింపే పని అని పిల్లలందరికీ తెలిసిపోతుంది. పోటీ పరీక్షలో ఉండదు కదా, దానికి టైమెందుకు అని మీలో ఒకరు అడిగారు. నిజమే, ఉండదు. కానీ మీరు నన్ను అడిగింది పోటీ పరీక్ష దాటాక వచ్చే ఉద్యోగం గురించి. ఆ గదిలో పిల్లాడి ర్యాంకు అడిగేవాళ్లు ఉండరు. ప్లేటు మీద చుక్క కనిపిస్తే చుక్క అని రాస్తాడా, సున్నా అని రాస్తాడా, అదే కావాలి. పద్నాలుగేళ్ల వయసులో రాని బూజుని మూడో రోజు వచ్చిందని రాయించి, ఇరవై నాలుగేళ్లకి చుక్కని చుక్క అని రాయమంటే ఎలా?

ల్యాబ్ పీరియడ్ తీసేసి ఫౌండేషన్ క్లాసు పెట్టమని సంతకాలు చేసి ఇచ్చినవాళ్లకి కూడా ఇదే నా జవాబు. వారానికి ఒక్క పీరియడ్. దాన్ని వదిలెయ్యండి.

వచ్చే నెల నుంచి నా తరగతుల్లో రికార్డుతో పాటు ప్రయోగం చేస్తూ రాసిన అసలు కాగితాన్ని కూడా పిన్ చేసి తెమ్మంటున్నాను. సగం మార్కులు దానికే. దాని మీద నూనె మరకలున్నా, అక్షరాలు వంకరగా ఉన్నా ఒక్క మార్కు కూడా తగ్గదు. పెన్నుతోనే రాయాలి. తప్పైతే ఒక్క గీత, పక్కన పొడి అక్షరాలు, తేదీ. దయచేసి దాన్ని మీరు ఫెయిర్ చేయించకండి, పక్కింటి పిల్లాడి రికార్డు తెప్పించకండి. ఫలితం పుస్తకంలో ఉన్నట్టు రాకపోతే పిల్లల్ని కోప్పడకండి, "ఎందుకు రాలేదంటావ్?" అని మాత్రం అడగండి. చాలా రాత్రులు మీకూ ఆ ప్రశ్న బాగుంటుంది.

వచ్చే నెల ప్రయోగం పాలు తోడు పెట్టడం. మూడు గిన్నెలు, వేడి పాలు, గోరువెచ్చని పాలు, ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు. మీ ఇంట్లో మూడూ తోడుకున్నా, ఒక్కటీ తోడుకోకపోయినా అదే రాయనివ్వండి. తోడు ఎంత వేశారో, ఏ టైముకి వేశారో పక్కన రాస్తే చాలు.